భోజనం దగ్గర మర్యాదలు దేశాన్ని బట్టి అంత మారిపోతాయా? జపాన్‌లో నా అనుభవం

ప్రశ్న అడిగినవారు వచ్చే నెల ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నారట. "అక్కడ నలుగురితో కూర్చుని తినేటప్పుడు ఏం తప్పు చేస్తానో అని టెన్షన్‌గా ఉంది, మన పద్ధతులకీ వాళ్ల పద్ధతులకీ అంత తేడా ఉంటుందా?" అని రాశారు. నేను 2016 ఏప్రిల్ నుంచి టోక్యోలోనే ఉంటున్నాను. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లు ఏం చేసినా ఇక్కడివాళ్లు సర్దుకుపోతారు గానీ, ఆ ఒక్కటి చూస్తే మాత్రం వాళ్ల మనసు చివుక్కుమంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో వారంలో మా టీమ్ వాళ్లు నాకోసం ఒక ఇజకాయాలో విందు పెట్టారు. ఇజకాయా అంటే చిన్న చిన్న ప్లేట్లలో వంటకాలు తెప్పించుకుని, తాగుతూ కబుర్లు చెప్పుకుంటూ అందరూ పంచుకుని తినే చోటు. నేను శాకాహారినని గుమ్మడికాయ, చిలగడదుంప, వంకాయ టెంపురా చెప్పారు. చూడ్డానికి మన బజ్జీల్లాగే ఉంటాయి, పైన పిండి మాత్రం చాలా పల్చన. నా పక్కన టీమ్‌లో అందరికంటే పెద్దావిడ కూర్చుంది. ఆవిడ ప్లేటు ఖాళీగా ఉంది. పక్కవాళ్ల విస్తరి ఖాళీగా ఉంటే చూస్తూ ఊరుకోకూడదని కదా చిన్నప్పటినుంచీ మనకి నేర్పింది. నేనింకా ఏమీ నోట పెట్టలేదు కాబట్టి ఎంగిలి అన్న బెంగ కూడా లేదు. నా చాప్‌స్టిక్స్‌తో ఒక గుమ్మడికాయ ముక్క పట్టుకుని, ఆవిడ చేతిలో ఉన్న చాప్‌స్టిక్స్‌కి అందించబోయాను.

ఆవిడ చటుక్కున తన చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. ఖాళీ ప్లేటుని రెండు చేతులతో ఎత్తి నా ముక్క కిందికి తెచ్చి, "ఇందులో పెట్టండి" అంది. ఎదురుగా మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆగిపోయారు. ముక్క ప్లేటులో పడ్డాక మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

స్టేషన్‌కి నడుస్తున్నప్పుడు ఆవిడే నెమ్మదిగా చెప్పింది. జపాన్‌లో చనిపోయినవాళ్లకి నూటికి 99 మందికి పైగా దహనమే చేస్తారు. దహనం అయ్యాక ఇంటివాళ్లు చుట్టూ నిలబడి ఎముకలు చాప్‌స్టిక్స్‌తో ఏరి పాత్రలో పెడతారు. దాన్ని కొత్సుఆగె అంటారు. ఇద్దరు కలిసి ఒకే ఎముకని పట్టుకుంటారు, లేదా ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరు అందుకుంటారు. పాత్రలో ఆ మనిషి తలకిందులు కాకూడదని, పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా వస్తారు. చివర్లో మెడ దగ్గరి ఎముక ఒకటి పెడతారు. అది కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందని దాన్ని గొంతులోని బుద్ధుడు అంటారు. భోజనాల బల్ల దగ్గర ఎవరైనా చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ఏదైనా అందిస్తే, చూసేవాళ్లకి ఆ గదే గుర్తొస్తుంది. ఆవిడ వాళ్ల నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్లే అయిందని కూడా ఆ రోజే తెలిసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు అనేదీ ఇలాంటిదే. పోయినవాళ్ల తల దగ్గర గిన్నె నిండా అన్నం పోగేసి, చాప్‌స్టిక్స్ గుచ్చి పెడతారు. అందుకని తినేటప్పుడు అలా పెట్టరు. మధ్యలో ఆపాలంటే చాప్‌స్టిక్స్‌ని అడ్డంగా, వాటికోసం పెట్టే చిన్న పీట మీద పెట్టాలి.

ఇవి మనకి అర్థంకాని విషయాలేమీ కావు. మా ఇంట్లో ఉప్పు చేతికివ్వరు. "అక్కడ పెట్టు, తీసుకుంటాను" అంటారు. చేతికిస్తే గొడవలొస్తాయని నమ్మకం. నువ్వులు, నూనె కూడా అంతే. నువ్వులూ నీళ్లూ ఎక్కడ వదులుతామో తెలిసినవాళ్లకి, అవి చేతిలోంచి చేతిలోకి మారకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆకులో తిన్నాక శుభకార్యంలో అయితే మనవైపుకి మడవమంటారు, అశుభమైతే అటువైపుకి. పెళ్లి భోజనంలో అటువైపుకి మడిస్తే మా అమ్మమ్మ గబగబా వచ్చి తనే తిప్పి మడిచేది. మా టీమ్ పెద్దావిడ చెప్పింది విన్నప్పుడు నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది. చావు దగ్గర చేసే పని బతికున్నవాళ్ల తిండి దగ్గర చేయకూడదు. రెండు చోట్లా ఇదే జాగ్రత్త.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కూర్చోగానే ఇచ్చే తడి తువ్వాలు చేతులు తుడుచుకోవడానికి, ముఖానికి కాదు. మీ గ్లాసు మీరే నింపుకోకండి, పక్కవాళ్లది మీరు నింపండి, మీది వాళ్లు నింపుతారు. అందరూ కాన్పాయ్ (చీర్స్ లాంటి మాట) అనేదాకా గ్లాసు నోట పెట్టుకోవద్దు. మీరు తాగకపోతే టీ పోయించుకుని అయినా ఎత్తండి, ఏమీ అనుకోరు. చాప్‌స్టిక్స్‌తో ముక్కని పొడిచి ఎత్తడం, వాటితో గిన్నెని దగ్గరికి లాక్కోవడం, ఏది తీసుకుందామా అని ప్లేట్ల మీద అటూ ఇటూ తిప్పడం, వీటన్నిటికీ వాళ్ల భాషలో విడివిడిగా పేర్లున్నాయి. అంటే ఎన్ని తరాలుగా పిల్లల్ని కోప్పడుతున్నారో చూడండి. టిప్ ఇవ్వరు. సోబా లాంటి నూడుల్స్ జుర్రుమని చప్పుడు చేస్తూ తినొచ్చు, అందరూ అలాగే తింటారు. బల్ల దగ్గర ముక్కు చీదడం మాత్రం అస్సలు బాగుండదు.

నాకు చాలాకాలం కష్టమైంది గిన్నె ఎత్తడం. మా అమ్మ కంచం ఒళ్లో పెట్టుకున్నా, చేత్తో ఎత్తి పట్టుకున్నా ఒప్పుకునేది కాదు. అన్నం ఉన్నచోట ఉండాలి, మనమే వంగాలి. జపాన్‌లో అన్నం గిన్నె, సూపు గిన్నె ఎడమ చేత్తో ఎత్తి నోటి దగ్గరికి తెచ్చుకోవాలి. బల్ల మీదే ఉంచి తల వంచి తింటే దాన్ని కుక్క తిండి అంటారు. పక్కనే ఉన్న కొరియాలో మళ్లీ గిన్నె ఎత్తకూడదు, అన్నం చెంచాతో తినాలి. ఇంత దగ్గర దేశాలు, ఇద్దరిదీ అన్నమూ చాప్‌స్టిక్సే, అయినా ఇక్కడ మర్యాద అక్కడ అమర్యాద. అందుకే ఒక దేశం పద్ధతి నేర్చుకుని "ఆసియా పద్ధతి ఇది" అనుకోవద్దని నా మాట.

తినే ముందు వాళ్లు చేతులు జోడించి ఇతదకిమాస్ అంటారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని అర్థం. ఆ మాటకి మూలార్థం నెత్తిన పెట్టుకోవడం అని తెలిసినప్పుడు, మా నాన్న మొదటి ముద్ద కళ్లకద్దుకోవడం కళ్లముందు మెదిలింది. ఇది మాత్రం తప్పకుండా నేర్చుకుని వెళ్లండి, చాలా సంతోషిస్తారు.

నాన్న 2019లో పోయారు. రాజమండ్రిలో అస్థి సంచయనం అన్నయ్యా నేనూ కలిసి చేశాం. పాలూ నీళ్లూ చల్లి, బూడిదలోంచి ఒక్కొక్కటీ చేత్తో ఏరి కొత్త కుండలో వేశాం. ఒక ముక్క నాకు కనపడలేదు, అన్నయ్య తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఇజకాయాలో ఆవిడ ఎందుకంత కంగారుగా ప్లేటు ఎత్తిందో నాకు నిజంగా తెలిసింది అప్పుడే.

2023లో అమ్మ టోక్యో వచ్చింది. మేముండేది నిషి కసాయ్‌లో. మనవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి కందిపప్పు, కరివేపాకు, గోంగూర పచ్చడితో సహా అన్నీ దొరుకుతాయి. ఇజకాయాలో నా పక్కన కూర్చున్న ఆ టీమ్ పెద్దావిడని భోజనానికి పిలిచాం. చేత్తో తింటానని ఆవిడే అడిగింది. తినే చేత్తో గరిటె ముట్టుకోకూడదని, కావాలంటే ఎడమ చేత్తో తీసుకోమని చెప్పాను. ఎంగిలి గురించి పెద్దగా వివరించాల్సిన పనే రాలేదు. వాళ్ల ఇంట్లోనూ ఎవరి చాప్‌స్టిక్స్ వాళ్లవి, ఎవరి అన్నం గిన్నె వాళ్లది, ఒకరిది ఇంకొకరు వాడరు. "నాన్నగారి గిన్నెలో మేమెప్పుడూ తినలేదు" అంది.

పప్పూ అన్నం అయ్యాక ఆవిడ చాలు అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ ఒప్పుకోలేదు. "మారు పెట్టుకోకుండా లేవకూడదమ్మా, ఒక్కసారి వడ్డించి ఊరుకునేది పిండాలకే" అంది. ఇంటికొచ్చిన మనిషికి ఈ మాట చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పాను. ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది. తర్వాత, తన చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ కూడా ఒక్క గిన్నె అన్నంతో లేవనిచ్చేది కాదని చెప్పింది. ఒకే ఒక్క గిన్నె పెట్టేది పోయినవాళ్లకేనట. దానికి ఇచిజెన్‌మెషి అని పేరు కూడా ఉంది. ఇది నేను అమ్మకి తెలుగులో చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, "మారు" అని అమ్మ పలికినట్టే పలికి, కంచం రెండు చేతులతో ఎత్తి అమ్మ వైపు చాపింది. కంచం అలా ఎత్తి పట్టుకుంటే అమ్మకి అస్సలు నచ్చదు. ఆ రోజు ఏమీ అనలేదు. అన్నం తెచ్చి, ఆవిడ ఎత్తి పట్టుకున్న కంచంలోనే వడ్డించింది.