మా అబ్బాయి ఫీజుతో వాళ్ల బంతాటా?

ప్రశ్న: మా వాడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఈ సెమిస్టర్ బిల్లులో ‘అథ్లెటిక్స్ ఫీజు’ అని ఒక లైను ఉంది. వాడు స్టేడియం గుమ్మం కూడా తొక్కలేదు. లోను తెచ్చి కడుతున్నది మేము. ఇదేం న్యాయమండీ?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ కోపం సబబేనమ్మా. ఆ ఫీజు యూనివర్సిటీ ఆటల జట్లకు వెళ్తుంది, వాటిలో పెద్ద ఖర్చు ఫుట్‌బాల్‌ది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,000 మందికి పైగా కూర్చుంటారు. అలాంటి పెద్ద జట్లకు టీవీ డబ్బు బాగా వస్తుంది. చిన్నాచితకా వాటికి అంత రాదు. ఆ లోటు చాలాచోట్ల పిల్లల ఫీజులతోనే పూడుస్తారు. 2025 నుంచి ఆటగాళ్లకు యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వొచ్చు. అది న్యాయమే, ఎముకలు విరిగేది వాళ్లవి కదా! కానీ ఖర్చు ఇంకా పెరిగింది.

మరి ఫుట్‌బాల్ ఆపేస్తే? షికాగో యూనివర్సిటీ 1939లో ఆపేసింది. 1942లో అక్కడి స్టేడియం గ్యాలరీ కింద, స్క్వాష్ కోర్టులో, భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం మనిషి చేతిలో దానంతటదే సాగే తొలి అణు శృంఖల చర్య (ఒక అణు విచ్ఛిత్తి మరో దానికి దారితీస్తూ పోవడం) సాధించింది. చదువుకేం లోటు రాలేదు! అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ క్యాంపస్ 2014లో ఆపితే మాత్రం ఊరు ఊరుకోలేదు. చందాలు పోగేసి 2017లో జట్టును మళ్లీ దింపారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. మోజున్నవాళ్లు జేబులోంచి తీయాలి.

మీ వాణ్ణి ఐడీ కార్డుకు ఫ్రీ టికెట్ ఇస్తారేమో కనుక్కోమనండి. ఇస్తే మందపాటి కోటు వేసుకుని వెళ్లమనండి, నవంబరులో చలి చంపేస్తుంది.