సంబంధం వచ్చిన అబ్బాయికి బైపోలార్ టైప్ 2 ఉందట. టైప్ 1 కన్నా తేలికే కదా?

మీ చెల్లికి వచ్చిన సంబంధం గురించి అడిగారు. అబ్బాయికి టైప్ 2 ఉందని వాళ్ళే చెప్పారని, టైప్ 1 అంత భయపడక్కర్లేదు కదా అని. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్ళు అతి హుషారుకి, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులుకి ఊగే జబ్బు. తేలిక అనే మాట నేను ఒప్పుకోను. నేను డాక్టర్ని కాదు గానీ మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. బాబాయిది టైప్ 1, అక్కది టైప్ 2.

బాబాయి సంగతి ఊరందరికీ తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం ఆయనది. ఒక వేసవిలో వారానికి పైగా నిద్ర లేదు. కనబడ్డ సరుకల్లా అడిగిన రేటుకి కొన్నాడు. ఎమ్మెల్యేగా నిలబడుతున్నానని తెల్లవారుజామున ఇరుగుపొరుగుని లేపి మరీ చెప్పాడు. నలుగురు పట్టుకుని ఆసుపత్రిలో చేర్చారు. టైప్ 1 అంటే అదే, ఇలా అదుపు తప్పిన హుషారు, అంటే మేనియా, కనీసం వారం ఉంటుంది, లేదా ఆసుపత్రిలో చేర్చక తప్పని స్థితి వస్తుంది. లిథియం అనే మందు మొదలుపెట్టాక దిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వ్యాపారం తనే చేసుకున్నాడు. బాగైపోయానని మాత్రలు ఆపినప్పుడు మళ్ళీ వచ్చింది.

అక్కకి మొదట వచ్చింది దిగులు. డిగ్రీ చదివేటప్పుడు మంచం దిగేది కాదు. రక్తం తక్కువన్నారు, దిష్టి అన్నారు, పెళ్ళైతే అదే సర్దుకుంటుందన్నారు. చివరికి ఒక డాక్టరు డిప్రెషన్ అని మాత్రలిచ్చాడు. పనిచేశాయి. మరీ ఎక్కువ పనిచేశాయి.

సరిగ్గా అప్పుడే మా కొత్తింటి గృహప్రవేశం వచ్చింది. అక్క రాత్రి రెండింటికి లేచి గడపలకి పసుపు రాసేది. నాలుగింటికి వంటాయనకి ఫోన్ చేసి బొబ్బట్లు వద్దు పూర్ణాలు చెయ్యమనేది, ఆరింటికి రెండూ ఉండాలనేది. వచ్చినవాళ్ళ పిల్లలందరి పేర్లూ గుర్తుపెట్టుకుని పలకరించింది. ముహూర్తం గురించి పంతులుగారితో వాదన వేసుకుంది, ఆయనే తగ్గాడు. పది రూపాయల దగ్గర కూడా బేరమాడే మనిషి, పెట్టుబడి చీరలకి షాపువాడు అడిగినంతా ఇచ్చేసి వచ్చింది. మా మేనత్త తన కోడలి వైపు చూసి మరీ "ఆడపిల్లంటే ఇలా ఉండాలి" అంది. ఆ కోడలు ఇప్పటికీ అక్కతో ముభావంగానే ఉంటుంది, అది వేరే రామాయణం. అందరూ వెళ్ళాక అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

మేనియా అంత తీవ్రం కాని ఈ హుషారుని హైపోమేనియా అంటారు. అదీ, దిగులూ కలిసి వచ్చేదే టైప్ 2. నాలుగు రోజులున్నా లెక్కలోకి వస్తుంది. ఇంట్లో పనులు చకచకా అయిపోతుంటే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఆడవాళ్ళలో ఈ టైప్ 2 బయటపడకపోవడానికి మన ఇళ్ళే కారణమని నా గట్టి నమ్మకం. నిద్రపోకుండా చాకిరీ చేస్తే మనకి అది జబ్బులా కనపడదు.

దసరా నాటికి అక్క తల దువ్వుకోవడం కూడా మానేసింది. చాలా నెలలు అలాగే గడిచాయి. తర్వాత విజయవాడలో ఒక డాక్టరమ్మ, ఈ దిగులుకి ముందు ఎప్పుడైనా మరీ హుషారుగా ఉందా అని అడిగింది. అమ్మ గర్వంగా గృహప్రవేశం కథంతా చెప్పింది. రోజుకి ఎంతసేపు పడుకునేది, డబ్బు ఎలా ఖర్చుపెట్టేది అని ఆవిడ ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఇలాంటివాళ్ళకి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఇలా పైకి ఎగదోసే ప్రమాదం ఉందని చెప్పి, మూడ్ స్టెబిలైజర్, అంటే మనసు అటూ ఇటూ ఊగకుండా నిలకడగా ఉంచే మందు, మొదలుపెట్టింది.

అమెరికాలో మానసిక వైద్యుడు లూయిస్ జడ్ బృందం ఇలాంటి రోగులను సగటున 13 ఏళ్ళ పాటు గమనించి 2002, 2003లో లెక్కలు ప్రచురించింది. టైప్ 1 వాళ్ళు దాదాపు 32 శాతం వారాలు దిగులు లక్షణాలతో గడిపారు. టైప్ 2 వాళ్ళు దాదాపు 50 శాతం. వాళ్ళ హైపోమేనియా వారాలు ఒక శాతం పైచిలుకే. బాబాయి జబ్బు గోలగా వచ్చి పోయేది, అక్కది చప్పుడు లేకుండా ఆమె వయసులో సగం తినేసింది. ఆత్మహత్య ప్రమాదం కూడా టైప్ 2లో తక్కువేం కాదు. ఇందులో తేలిక ఎక్కడుంది? టైప్ 2 ముదిరితే టైప్ 1 అవుతుందని కూడా అనుకోకండి. కొద్దిమందికే అలా మారుతుంది.

లిథియం అనగానే "బ్యాటరీల్లో వేసేదా?" అని వాట్సాప్‌లో భయపెట్టే బంధువులు మీకూ ఉంటారు. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ వాడి చూపించిన మందు అది. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రక్తంలో దాని మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు వేళకి చేయిస్తున్నారా? గుంటూరు ఎండల్లో నీళ్ళు తాగకపోయినా, విరేచనాలైనా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చని ఎవరైనా చెప్పారా? బాబాయికి మెడికల్ షాపులో ఆ నొప్పి మాత్ర అడగ్గానే ఇచ్చేశారు. ఇక బీమా. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. అయినా బాబాయి రెండోసారి చేరినప్పుడు బీమావాళ్ళు పిన్నిని కాగితాల కోసం తిప్పినంత తిప్పారు.

మీ చెల్లి సంగతికి వస్తే, టైప్ నంబర్ చూసి ఊరట పడకండి, భయపడనూ వద్దు. చివరిసారి దిగులు ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్ళుంది, మందులు ఎవరూ గుర్తుచేయకుండా వేసుకుంటాడా, నిద్ర తగ్గితే ఇంట్లో ముందు కనిపెట్టేది ఎవరు అని అబ్బాయినే అడగండి. వీలైతే మీ చెల్లి అతనితో కలిసి ఒకసారి అతని డాక్టర్ దగ్గరికి వెళ్ళి రావాలి. పెళ్ళికి ముందే నోరు తెరిచి చెప్పారంటే, నా దృష్టిలో వాళ్ళు చాలా ఇళ్ళకన్నా నయం. అక్క విషయంలో దాచమని సలహా ఇచ్చింది కూడా మా మేనత్తే.