రెండేళ్లు నొప్పి మాత్రలతో గడిచాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక శక్తి సొంత కీళ్లపైనే దాడిచేసే జబ్బు) అని తేలింది, మెథోట్రెక్సేట్ ఇప్పుడు వాడినా ఉపయోగమేనా?

ఉపయోగమే. మెథోట్రెక్సేట్ ఈ జబ్బునే అదుపుచేసే మందు. అరిగిపోయిన ఎముక తిరిగి రాదు గానీ, మిగిలిన కీళ్లను కాపాడుకోవచ్చు. నొప్పి మాత్రలు బాధ తగ్గిస్తాయే తప్ప కీలు దెబ్బతినడాన్ని ఆపవు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో మందు అట్ట మీదే రాయించుకోండి. దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర వేరే రోజున. గుణం కనబడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది నెలకే మానేసి నష్టపోతున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఈలోగా ఇచ్చే స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా పొడిగించొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు.

రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు మొదటి 3 నెలలు 2-4 వారాలకోసారి. మద్యం మానాలి. పిల్లల కోసం అనుకుంటుంటే మందు మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి, గర్భానికి ఇది ప్రమాదం. 3-6 నెలల్లో వ్యాధి లొంగకపోతే బయొలాజిక్స్ (రోగనిరోధక వ్యవస్థలో వాపు కలిగించే భాగాన్ని అడ్డుకునే మందులు). వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.