డీడీయూ-జీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) శిక్షణ ఎవరిది, కేంద్రానిదా రాష్ట్రానిదా?

ఇద్దరిదీ. పల్లె యువతకు పని నేర్పి ఉద్యోగం చూపించే ఈ పథకాన్ని 2014లో కేంద్రం మొదలుపెట్టింది, ఖర్చు మన దగ్గర కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పెట్టుకుంటాయి, నడిపేది ఆంధ్రలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు. పాఠాలు చెప్పేది మాత్రం వాటితో ఒప్పందం చేసుకున్న వేరే సంస్థలు, నేర్చుకున్నవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని వాటికి షరతు ఉంది.

కానీ నన్నడిగితే అసలు పని జరిగేది ఊళ్లోనే. డ్వాక్రా మీటింగులో ఒక తల్లి "మా అమ్మాయి ఇంటర్ అయ్యి ఇంట్లోనే ఉంది" అంటే అక్కడే పేరు రాసుకుంటారు. శిక్షణ కోసం పిల్లను హాస్టల్‌కి పంపాలంటే ఇంట్లో ఎంత టెన్షన్! ఆ భయం పోగొట్టగలిగేది పక్కవీధి సంఘం లీడరే, ఏ సర్క్యులరూ కాదు. ముందు మీ మండలంలో వెలుగు ఆఫీసులో, తెలంగాణ అయితే ఐకేపీ ఆఫీసులో అడగండి.