క్రోమ్‌లో బాగుంటే సరిపోదు అల్లుడూ

అల్లుడికి,

తిరుపతి నుంచి మామ ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి చిత్తూరులోనే సొంతంగా వెబ్‌సైట్ల పని మొదలుపెట్టావని అక్క ఫోన్‌లో చెప్పింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళకు చేసిన సైటు లింకు కూడా పంపింది. బాగుంది. కానీ మీ అత్త ఐఫోన్‌లో తెరిస్తే ఆర్డరు బటన్ వెళ్ళి తోతాపురి కాయల బొమ్మ మీద ఎక్కి కూర్చుంది. అడిగితే ‘క్రోమ్‌లో బాగానే ఉంది కదా మామా’ అన్నావు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

2018లో ఇక్కడ ఒక లాడ్జికి గదుల బుకింగ్ సైటు చేశాను. తేదీ కోసం డేట్ టైపు ఇన్‌పుట్, అంటే తేదీ నింపే పెట్టె, పెట్టాను. క్రోమ్‌లో నొక్కితే చక్కగా క్యాలెండర్ తెరుచుకునేది. మ్యాక్ కంప్యూటర్‌లో ఉండే ఆపిల్ బ్రౌజర్ సఫారీకి మాత్రం అప్పటికి ఆ ఇన్‌పుట్ తెలియదు, 2021లో గానీ రాలేదు. తెలియని టైపు ఎదురైతే మామూలు టెక్స్ట్ పెట్టె చూపించాలన్నది స్టాండర్డే. సఫారీ అదే చేసింది. అమెరికాలో ఉన్న ఒకాయన ఆ పెట్టెలో 05/06 అని కొట్టాడు. ఆయన లెక్కలో అది మే 6. లాడ్జి లెక్కలో జూన్ 5. మే 6 పొద్దున్నే ముసలి తల్లిదండ్రులతో, పుట్టువెంట్రుకలు తీయించాల్సిన బిడ్డతో వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. ఎండాకాలం సెలవులు, లాడ్జిలో ఒక్క గది ఖాళీ లేదు. మేనేజరు ఫోన్ చేసి తిట్టిన తిట్లు నీకు రాయలేను. తప్పు సఫారీదని వాదించాను కూడా. కాదురా, నాదే. పెట్టె పక్కన ‘రోజు/నెల/సంవత్సరం’ అని ఒక్క ముక్క రాసుంటే పోయేది.

బ్రౌజర్ల పేర్లు చూసి మోసపోకు, కోడ్ చదివి పేజీని తెర మీద గీసే లోపలి ఇంజన్లు లెక్కపెట్టుకో. ముఖ్యమైనవి మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ అన్నిట్లోనూ ఉన్నది బ్లింక్. సఫారీది వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. క్రోమ్‌లో చూసి, మళ్ళీ ఎడ్జ్‌లో చూసి ‘రెండింట్లో టెస్ట్ చేశాను’ అని పార్టీకి చెప్పకు. ఒకే పిండితో పోసిన రెండు దోసెలవి. ఇంకో తిరకాసు: మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. అందుకే అత్త ఫోన్‌లో ఏ బ్రౌజర్‌తో తెరిచినా ఆ బటన్ బొమ్మ మీదే ఉంది.

ఒక్క బ్రౌజర్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో మేం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6తో చూశాం. 2001లో వచ్చింది, ఏ నెట్ సెంటర్‌లో కూర్చున్నా అదే. ఫ్లోట్ చేసిన, అంటే ఒక పక్కకు జరిపిన, పెట్టెకు 10 పిక్సెల్ల మార్జిన్ (బయటి ఖాళీ) ఇస్తే అది 20 చేసేది. మేం తెలివిగా 5 రాసేవాళ్ళం! 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చి, రాసినట్టే 5 చూపించేసరికి పేజీలన్నీ ఇరుక్కుపోయాయి. ఫైర్‌ఫాక్స్ పాడు చేసిందని పార్టీలకు చెప్పుకున్నాం, సిగ్గులేకుండా.

సఫారీని తిట్టడం మనవాళ్ళకు అలవాటు. కొంత న్యాయమే, చాలా విషయాల్లో వెనకబడింది. కానీ పేజీ రూపురేఖలు రాసే సీఎస్ఎస్‌లో అందరూ ఏళ్ళ తరబడి అడిగిన ‘హ్యాజ్’ సెలెక్టర్‌ను (లోపల ఫలానాది ఉన్న పెట్టెను ఎంచుకునేది) 2022 మార్చిలో మొదట ఇచ్చింది అదే. క్రోమ్ అదే ఏడాది ఆగస్టులో ఇచ్చింది, ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరు దాకా ఇవ్వలేదు. కాబట్టి ఏది మంచి బ్రౌజర్ అని కాదు, నువ్వు వాడబోయే ఫీచరు ఏది ఎక్కడ ఉందని చూడాలి. ఏ ఫీచరు ఏ బ్రౌజర్‌లో ఉందో చెప్పే కెన్ ఐ యూజ్ సైటులో ఒక్క నిమిషం పని. ఫీచరు ఎంతమేరకు అందుబాటులో ఉందో చెప్పే బేస్‌లైన్ గుర్తు కూడా చూడు. ‘వైడ్లీ అవైలబుల్’ అని ఉంటే, పెద్ద బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చి 30 నెలలు దాటిందని అర్థం. డబ్బులు చేతులు మారే పేజీలో అంతకంటే కొత్తది నేనైతే ముట్టుకోను. అలంకారానికైతే వాడుకో, బ్రౌజర్‌కు ఆ ఫీచరు తెలిస్తేనే పనిచేసే సపోర్ట్స్ రూల్ లోపల పెట్టి.

ఇంకొకటి, ఇది ఇంగ్లీషు పాఠాల్లో చెప్పరు. నీ సైటులో హెడ్డింగులకు లైన్ హైట్ (వరుస ఎత్తు) 1 ఇచ్చావు, పైగా పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్. ‘చిత్తూరు’లో తవత్తు సగం తెగిపోయింది. నీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు అత్త ఫోన్‌లో ఉండదు, ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో తెలుగు ఫాంటు. లైన్ హైట్ 1.6 దాకా ఇవ్వు, ఫాంటు కూడా సైటుతో పాటు నువ్వే పంపు.

కొటేషన్‌లో ఏ బ్రౌజర్లలో చూసి ఇస్తావో ముందే రాయి. లేకపోతే ఎవరి పాత ట్యాబ్‌లోనో పేజీ చెదిరిందని చివరి చెక్కు ఆపుతారు.

ఆదివారం బస్సెక్కి రా. మా ఇంట్లో పాత మ్యాక్ ఒకటి పడి ఉంది, సఫారీ 2021 కంటే ముందుదే. నీ సైటు అందులో తెరుద్దాం. డెలివరీ తేదీ పెట్టె మొదట చూస్తాను.

మీ మామ