నోట్స్ నాలుగుసార్లు చదివినా పరీక్షలో గుర్తురాకపోతే

మీ ఇంటర్ ఫస్టియర్ తమ్ముడు ఫిజిక్స్ నోట్స్ నాలుగైదుసార్లు చదువుతాడు, అడిగితే అన్నీ వచ్చంటాడు, తీరా పరీక్షలో తెల్లమొహం వేస్తాడు, జ్ఞాపకశక్తి తక్కువేమో, ఏం చేయాలి అని అడిగారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ఇలాంటి పిల్లలు నాకు ఏటా కనబడతారు. సరస్వతీ లేహ్యం డబ్బులు మిగుల్చుకోండి, తేడా చదివే పద్ధతిలోనే ఉంది.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న పాఠమిచ్చి కొందరిచేత రెండుసార్లు చదివించారు, కొందరిచేత ఒకసారే చదివించి, గుర్తున్నదంతా ఏమీ చూడకుండా రాయించారు. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. అదే వారం ఆగి పెడితే చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు. మీ తమ్ముడు ఇంట్లో "వచ్చు" అంటున్నది ఆ ఐదు నిమిషాల లెక్క. అబద్ధం చెప్పట్లేదు పాపం, ఇందాకే చూసిన పేజీ కాబట్టి తెలిసినట్టే ఉంటుంది.

అందుకని చాప్టర్ అయ్యాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్రపెన్నుతో రాసుకోవాలి. మా క్లాసులో కార్యం, శక్తి పాఠం తర్వాత ఇది చేయిస్తే ఫార్ములాలు అందరూ రాస్తారు, ఘర్షణ ఉన్నచోట యాంత్రిక శక్తి నిత్యత్వం (గతిశక్తి, స్థితిశక్తి మొత్తం మారదన్న సూత్రం) వాడకూడదన్న ముక్క మాత్రం దాదాపు ఎవరి కాగితం మీదా ఉండదు, గ్రాండ్ టెస్టులో మార్కులు పోయేది కూడా సరిగ్గా అక్కడే. అసలు పాఠమే అర్థంకాని పిల్లాడికి ఈ తెల్లకాగితం ఏమీ చేయదు, వాడికి ముందు ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

ఇంకో చిక్కు వీకెండ్ టెస్టులది. పేపర్ మీదే చాప్టర్ పేరుంటుంది, ఏ ఫార్ములా వాడాలో పిల్లాడు ఆలోచించే పనే లేదు, అంకెలు వేస్తే చాలు. గ్రాండ్ టెస్టులో అన్ని చాప్టర్లూ కలిసొచ్చేసరికి లెక్క ఏ పాఠంలోదో తెలియక ఆగిపోతాడు. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనపరిమాణం లెక్కలతో ఇదే చూశారు: ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లకి ప్రాక్టీసులో 89 శాతం, కలగలిపి చేసినవాళ్లకి 60, కానీ వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకి 20, రెండోవాళ్లకి 63. ఈ మాట తల్లిదండ్రులకి చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో నన్నడగండి. కలిపి ఇచ్చిన వారం మార్కులు తగ్గుతాయి, సాయంత్రానికి ఫోన్లు మొదలు.

స్లిప్ టెస్ట్ అనేది మనకి పాతదే, మంచిదే, దాని మార్కులు ఇంటికి మెసేజ్ వెళ్తాయన్న టెన్షన్‌తో పక్కవాడి పేపర్ చూడటం మొదలయ్యాకే చెడింది. నేను క్లాసు మొదట్లో పోయిన వారం పాఠంలోంచి ఒకటి, పోయిన నెలదాంట్లోంచి ఒకటి అడిగి రాయిస్తాను, మార్కులు వేయను, పేపర్లు తీసుకోను. అలా అన్నాక చూసి రాసేవాళ్లు బాగా తగ్గారు.

మళ్లీ ఎన్నాళ్లకి తిరగేయాలి అంటే, పరీక్ష ఎంత దూరముందో దాన్నిబట్టి. సెపెడా అనే పరిశోధకుడి బృందం 2008 ప్రయోగంలో వారంలో పరీక్షయితే ఒక రోజు ఎడం, ఐదు వారాలైతే పదకొండు రోజులు, ఏడాదికి దగ్గరైతే మూడు వారాల ఎడం బాగా పనిచేశాయి. ఇంత కచ్చితంగా లెక్కకట్టక్కర్లేదు, రాత్రంతా కూర్చుని ఒకే పాఠం నాలుగుసార్లు చదివే టైమునే నాలుగు వేర్వేరు రోజులకి పంచితే సరిపోతుంది. హైలైటర్లు, "మావాడు విజువల్ లెర్నరండీ, బొమ్మలు చూస్తేనే ఎక్కుతుంది" లాంటి మాటలు వదిలేయండి, ఆ రెండిటికీ పరిశోధనల్లో పెద్ద బలం దొరకలేదు.

మీకు ఫిజిక్స్ రాకపోయినా పర్లేదు. పాత చాప్టర్ల వెనక ఉన్న ప్రశ్నలు వరస తప్పించి అడగండి, వాడు ఆలోచిస్తున్నప్పుడు జవాబు అందించకండి, నోట్స్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.