రోమన్ ఆటకి ఆయుధాలు రాసేముందు

చిన్నీ,

బల్ల చుట్టూ కూర్చుని ఆడే నీ రోమన్ సైనికుల ఆట కోసం నువ్వు పంపిన ఆయుధాల పట్టిక మొత్తం చదివాను. కత్తికింత దెబ్బ, బల్లేనికింత, డాలుకింత కాపుదల అని బాగానే శ్రమపడి రాశావు. కానీ పేర్లు మారిస్తే అది ఏ కాలానికైనా సరిపోయేలా ఉంది తల్లీ. ఏళ్లుగా ఇలాంటి ఆటలు ఆడిస్తున్నవాడిగా చెబుతున్నా: ఎంత దెబ్బ తగులుతుందనేది తర్వాత చూసుకో. ముందు, ఆ ఆయుధం చేతిలో ఉన్నవాడు ఏం చేయక తప్పదో రాయి.

అంతకన్నా ముందు ఏడాది తేల్చుకో. సీజర్ సైనికులు వేసుకున్నది ఇనుప రింగులల్లిన కవచం. మనం బొమ్మల్లో చూసే పలకల కవచం తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ రోజుల నుంచే కనబడుతుంది. మూడో శతాబ్దం వచ్చేసరికి గుర్రపు దళాల పొడుగు కత్తి స్పాతా కాలిబంట్ల చేతికీ వచ్చేసింది. ఇవన్నీ ఒకే షీట్‌లో కలిపేయకు. నా మాట విని చక్రవర్తి ట్రాజన్ డేసియా (నేటి రుమేనియా ప్రాంతం) మీద చేసిన యుద్ధాలు తీసుకో, క్రీ.శ. 101 నుంచి 106 దాకా.

రోమన్ సైనికులు విసిరే పైలమ్‌ని మామూలు బల్లెంలా రాశావు, అది మార్చు. దానికి ముందువైపు సన్నని పొడుగాటి ఇనుప ఊచ, కొసన చిన్న మొన ఉంటాయి. క్రీ.పూ. 58లో హెల్వెటీ తెగవాళ్లతో జరిగిన పోరులో ఒక్కో పైలమ్ రెండేసి డాళ్లను కలిపి గుచ్చేసిందనీ, ఇనుము వంగిపోయి పీకడానికి రాక, ఎడమ చెయ్యి ఆడక, చాలామంది డాళ్లు పారేసి పోరాడారనీ సీజరే రాసుకున్నాడు. కాబట్టి పైలమ్ తగిలితే ప్రాణం పోనక్కర్లేదు, డాలు పనికిరాకుండా పోవాలి. ఒక టర్న్ ఖర్చుపెట్టి పీక్కోవాలా, డాలు వదిలేయాలా? అది ఆటగాడే తేల్చుకోవాలి. అక్కడే బల్ల చుట్టూ అందరూ ముందుకు వంగుతారు.

పొట్టి కత్తి గ్లాడియస్‌నీ, పెద్ద డాలు స్కూటమ్‌నీ విడదీయొద్దు. ఆ కాలపు గ్లాడియస్ అలుగు అర మీటరు అటూఇటూ ఉంటుంది. పెద్ద డాలు చాటున నిలబడి, పక్కనుంచి పొడవడానికి అది చాలు. సిరియాలోని డ్యూరా యూరోపస్‌లో దొరికిన డాలు మూడో శతాబ్దానిది, ఎత్తు మీటరు పైచిలుకు. పలచని చెక్క పట్టీలను మూడు పొరలుగా అతికించి వంపు తిప్పారు. పక్కన తోటి సైనికుడుంటే ఇద్దరికీ రక్షణ పెంచు, వరస చెదిరితే తీసెయ్.

ఇక డేసియన్ల వంపు కత్తి ఫాల్క్స్. లోపలికి వంగిన అలుగు, కొన్నింటిని రెండు చేతులా పట్టాలి. డాలు పైనుంచి వచ్చి తలమీదా, కత్తి పట్టిన చేతిమీదా పడుతుంది. దాన్ని తట్టుకోవడానికేనంటారు, రోమన్లు హెల్మెట్ మీద అడ్డంగా ఇనుప బద్దీలు కొట్టించారు, చేతికి పట్టీల తొడుగు వేశారు. రుమేనియాలో ఆడమ్‌క్లిసి స్మారకం మీద ఆ చేతి తొడుగులు స్పష్టంగా చెక్కి ఉన్నాయి. మొదటి పోరులో వీటినివ్వకు. దెబ్బతిన్నాక ఆటగాళ్లే కమ్మరి దగ్గరికి పరుగెత్తాలి.

కవచాల విషయంలో బరువు లెక్క ఒక్కటే చాలదు. ఇంగ్లండ్‌లోని కార్‌బ్రిడ్జ్‌లో 1964లో దొరికిన పలకల కవచాలకు అతుకులు, మరమ్మతులు చాలానే ఉన్నాయి. ప్రతి పోరు తర్వాత ఒక పట్టీయో బందో ఊడిందని డైస్ వేయించు. రింగుల కవచం బరువెక్కువే గానీ, ఇంత తరచుగా మొరాయించదు.

సామాను ఖర్చు సైనికుడి జీతంలోంచే కోసేవాళ్లు. హెల్మెట్ల వెనక అంచు మీద సొంతదారుల పేర్లు చుక్కలతో పొడిచి ఉంటాయి, కొన్నింటి మీద ఒకరికి మించి. నీ ఆటలో కొత్తగా చేరినవాడికి అలాంటి పాత హెల్మెట్ ఇవ్వు, అంతకుముందు దాన్ని పెట్టుకున్నవాడి పేరు ఒక చీటీ మీద రాసి పెట్టు. ఆ మనిషి ఏమయ్యాడో నువ్వు మాత్రం ముందే రాసుకో. పట్టిక మార్చాక మళ్లీ పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న